గౌలిపురకు గోదారి వియ్యం

సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో అతను మొదట 'ఏడికి సార్?' అంటాడు. 'గౌలిపుర' అని చెబితే 'అంటే పాతబస్తీలనా?' అని రెండో ప్రశ్న. ఆ తర్వాత ప్రశ్నలుండవు. రేటే!

తాడేపల్లిగూడెంలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారేసరికి ఆ స్టేషన్‌లో ఓ నలుగురు దిగారనుకుందాం. అమ్మాయి తండ్రి, తల్లి, మేనమామ, తను చూసి 'ఊఁ' అనందే ఊళ్లో ఏ సంబంధమూ కుదరదని గట్టిగా నమ్మే ఓ పెదనాన్న. అమ్మాయీ, అబ్బాయీ మాదాపూర్‌లో ఒకే కంపెనీలో పనిచేస్తున్నారు. వాళ్లిద్దరూ ఎప్పుడో ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఇప్పుడు పెద్దవాళ్లు 'ఓసారి ఇల్లూ వాకిలీ చూసొస్తాం' అని బయల్దేరారు. అబ్బాయి ఉద్యోగం నచ్చింది. ఫొటో నచ్చింది. జాతకాలు కూడా కలిశాయి. చిక్కల్లా అడ్రసు దగ్గరే వచ్చింది.

'పాతబస్తీయా..! అక్కడ మనవాళ్లు కూడా ఉంటారా?' అన్నాడు పెదనాన్న.

గౌలిపురవాళ్లకు ఈ ప్రశ్న కొత్తేం కాదు. పెళ్లి సంబంధాల్లో విన్నారు, కాలేజీల్లో విన్నారు, ఆఫీసుల్లో విన్నారు. బయటి ఊళ్లవాళ్ల దృష్టిలో పాతబస్తీ అంటే చార్మినార్, బిర్యానీ, గాజులు, ఉర్దూ, కర్ఫ్యూ... అక్కడితో సరి. చార్మినార్ నుంచి దక్షిణంగా నడిచి, శాలిబండ దగ్గర ఎడమ పక్కకు తిరిగితే లాల్‌దర్వాజా, గౌలిపుర, ఛత్రినాక, ఉప్పుగూడ వస్తాయనీ, అక్కడ పసుపు రాసిన గడపలూ, ముగ్గు వేసిన వాకిళ్లూ, తరతరాల తెలుగు కుటుంబాలూ ఉంటాయనీ చెబితే ఆశ్చర్యపోతారు. 'అయితే మీకు తెలుగు వచ్చన్నమాట!' అని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిషు. మూడు భాషల్లో బేరమాడగలిగిన మనిషికి ఆ మెప్పు ఎలా ఉంటుందో ఊహించుకోవాల్సిందే.

అసలు ఆ పేరులోనే ఉంది సంగతి. గౌలీలంటే పాడి పశువులు పెంచి పాలు పోసేవాళ్లు. 'హైదరాబాదీ పదింటికి గానీ లేవడు, పన్నెండింటికి గానీ షాపు తెరవడు' అని ఊరంతా జోకులేస్తుంది కదా! తెల్లవారుజామున నాలుగింటికే లేచి పాలు పితికే జనం పేరు పెట్టుకున్న పేట కూడా ఆ పాతబస్తీలోనే ఉంది మరి. కాకపోతే జోకులు వేసేవాళ్లు అంత పొద్దున్నే లేచి చూడరు.

ఇక అడ్రసు పట్టుకోవడం ఇంకో ప్రహసనం. లాల్‌దర్వాజాలో దిగి దర్వాజా ఎక్కడని వెతక్కూడదు. ఒకప్పుడు నగరం చుట్టూ ప్రహరీ గోడ ఉండేది. దానికి లాల్‌దర్వాజా, అలియాబాద్ దర్వాజా లాంటి ద్వారాలుండేవి. గౌలిపురకూ ఒక దర్వాజా ఉండేది. గోడ పోయింది. దాంతోపాటే దర్వాజాలూ పోయాయి. పురానాపూల్ దగ్గరొకటి, దబీర్‌పురాలో ఒకటి మిగిలాయి. అయినా అందరూ లేని దర్వాజాల గుర్తు మీదే దారి చెబుతారు. 'సీదా పోండ్రి. దర్వాజా దగ్గర రైట్ కొట్టుండ్రి. ఆడ ఎవర్నన్న అడుగుండ్రి.' ఆ 'ఎవర్నన్న' అనేవాడు దొరికితే మాత్రం చెప్పి ఊరుకోడు. బండి దిగి, ఇంటి దాకా వచ్చి, తలుపు కొట్టి మరీ అప్పజెప్పి వెళతాడు. తాడేపల్లిగూడెం బృందం గౌలిపుర ఇంటికి చేరింది అలాగే.

చేరారు సరే, అబ్బాయి బాబాయి ఇంకా రాలేదు. తొమ్మిదింటికి రమ్మన్నారు. ఫోను చేస్తే 'ఐదు నిమిషాల్ల వస్తున్న' అన్నాడు. వెనక నుంచి బకెట్‌లో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

హైదరాబాద్ టైము గురించి తెలియనివాళ్లకు ఇక్కడ కాస్త వివరణ అవసరం. ఐదు నిమిషాలంటే స్నానానికి వెళుతున్నట్టు. 'దగ్గర్లనే ఉన్న' అంటే చెప్పులు వేసుకుంటున్నట్టు. 'సిగ్నల్ కాడ ఉన్న' అంటే మాత్రం నిజంగానే బయల్దేరినట్టు. ఇక దక్కనీలో 'పర్సోఁ' అనే మాట ఒకటుంది. నిఘంటువు ప్రకారం మొన్న. పాతబస్తీ లెక్కలో అది మొన్న కావచ్చు, పోయినేడాది కావచ్చు, తాతగారి పెళ్లి రోజు కూడా కావచ్చు. 'ఈ బండి పర్సోఁనే కొన్న' అంటే ఆ బండి వయసు కనుక్కోవాలి. ఈ టైము జబ్బు మనుషులతోనే ఆగలేదు. మెట్రో రైలు నగరంలో 2017లో మొదలైంది. 2020లో ఇమ్లీబన్ బస్టాండు దాకా వచ్చి ఆగింది. పాతబస్తీ దారికి 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన జరిగింది. అంటే అది కూడా 'ఐదు నిమిషాల్ల వస్తున్న' అందన్నమాట!

విశేషం ఏమిటంటే ఈ జోకులన్నీ హైదరాబాదీలు తమ మీద తామే వేసుకునేవి. 2000ల మధ్యలో వచ్చిన 'ది అంగ్రేజ్' సినిమాలో చార్మినార్ దగ్గర కూర్చుని గొప్పలు కొట్టే ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూలను చూసి అందరికంటే ఎక్కువ నవ్వుకున్నది ఆ గల్లీలవాళ్లే. ఆ డైలాగులు కంఠతా పట్టినదీ వాళ్లే.

ఇలా సొంత ఊరిని తామే వేళాకోళం చేసుకునే జనం మరోచోట కూడా ఉన్నారు. బల్గేరియాలో గాబ్రోవో అని ఒక ఊరుంది. పిసినారితనానికి పెట్టింది పేరు. చలికాలంలో పిల్లి లోపలికొచ్చేటప్పుడు తోక పూర్తిగా వచ్చేదాకా తలుపు తెరిచి ఉంచితే ఇంట్లో వెచ్చదనం పోతుందని పిల్లుల తోకలు కత్తిరిస్తారట అక్కడ! ఎవరో అంటగట్టిన జోకు కాదిది. ఆ ఊరివాళ్లే చెప్పుకుంటారు. చెప్పుకోవడమే కాదు, 1972 ఏప్రిల్ 1న ఊళ్లో 'హాస్య వ్యంగ్య భవనం' తెరిచి ఆ తోకలేని పిల్లి పేరు చెప్పి పర్యాటకులను రప్పించుకుంటున్నారు. పిసినారితనం అంటే అదీ! జోకును కూడా వృథాగా పోనివ్వలేదు.

సొంత జోకు కథ అది. పక్కూరి మీద వేసే జోకు వేరే జాతి. హైదరాబాదుకు పక్కూరంటే సికింద్రాబాదే. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన ఊరు. ఇంగ్లిషు పటాలాలు ఉండటంతో జనం నోట 'లష్కర్' అయింది. లష్కరోళ్లు రాత్రి తొమ్మిదింటికే పడుకుంటారనీ, ఇంటికి వెళితే చాయ్ తాగుతారా అని అడిగి, వద్దంటే నిజంగానే ఇవ్వరనీ పాతబస్తీవాళ్లు అంటారు. పాతబస్తీవాళ్లకు పనికంటే పలకరింపులెక్కువనీ, చాయ్‌కని కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి కూడా లేవరనీ లష్కర్ అంటుంది. మధ్యలో హుస్సేన్‌సాగర్ ఉండబట్టి సరిపోయింది.

తెలుగులో ఈ విద్యకు పాత చరిత్రే ఉంది. రెడ్డిరాజుల కొలువులో భోగాలు అనుభవించిన శ్రీనాథుడు పల్నాడు వెళ్లి, సన్నబియ్యం దొరకలేదని, ఎక్కడ చూసినా జొన్నకూడేనని, రాళ్లూ తేళ్లూ తప్ప ఏమీ లేవని ఆ సీమను ఏకిపారేశాడు. ఆయన పేరు మీద ఆ చాటువులు ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నారు. పాపం, పల్నాటివాళ్లు ఆ మహాకవికి ఉన్న జొన్నన్నమే పెట్టారు. లేని వరన్నం ఎక్కడి నుంచి తేగలరు? విచిత్రమేమిటంటే ఆయన కొలువు చేసిన కొండవీడుకూ ఓ మాట అంటుకుంది. ఎంతకీ తెగని వరుసను 'కొండవీటి చాంతాడు' అంటారు. లోతైన బావులు, అంత పొడుగు తాళ్లు మరి! అంటే పల్నాడుకు తిండి లేదని, కొండవీడుకు నీళ్లు అందవని పేరుపడింది. జోకుల మూలం తవ్వితే చాలాసార్లు తగిలేది ఇదే... నేల, నీళ్లు, తిండి.

గౌలిపుర ఇంట్లో టిఫిన్లు అయ్యాయి. బాబాయి కూడా వచ్చేశాడు (పదీ ముప్పావుకి). గోదావరివాళ్ల గురించి ఈ ఇంటివాళ్లు ముందే విని ఉన్నారు. మాటకు ముందు 'ఆయ్' అంటారనీ, పొగుడుతున్నారో ఎత్తిపొడుస్తున్నారో రెండు రోజుల తర్వాత గానీ తెలియదనీ, పెళ్లికి వెళితే తినలేక చావాలనీ, పుస్తెలమ్మైనా పులస తినాల్సిందేనంటారనీ... అందుకే అబ్బాయి తండ్రి ప్రతి మాటనూ అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

'ఇల్లు చాలా బాగుందండి బావగారూ. గాలీ వెలుతురూ ఏమీ ఇబ్బంది పెట్టవు' అన్నాడు అమ్మాయి తండ్రి.

గాలి రాదని అంటున్నాడా, వస్తుందని అంటున్నాడా? అబ్బాయి తండ్రికి అర్థం కాలేదు. ఎందుకైనా మంచిదని లేచి ఫ్యాన్ వేశాడు.

అప్పుడు పెదనాన్న గొంతు సవరించుకుని, రైల్లో రాత్రంతా దాచుకున్న ప్రశ్న బయటకు తీశాడు. 'మరి... ఇక్కడ కర్ఫ్యూలవీ పెడుతుంటారట కదండీ? సంక్రాంతికి అమ్మాయి రావాలంటే కలెక్టరు గారి పాసేమైనా తీసుకోవాలా?' అని, తన చమత్కారానికి తనే నవ్వాడు.

మూలన మంచం మీద కూర్చున్న నాయనమ్మ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు.

'పాసు గాదు నాయినా, పాలు గావాలె' అంది. 'తొంబైల డిసెంబరు నెల. గా లొల్లప్పుడు వీడి నాయిన చెల్లె నా కడుపుల ఉన్నది గాదు, సంకల ఉన్నది. రోజుకు గంటనో రెండు గంటలో ఇడిసేది. గా గంటల పాలకు ఉరకాలె. లైన్ల ఎవలు నిలబడ్డరు, వాళ్లు ఏమోళ్లు అని ఎవలూ అడగలే. పాలు ఒడిసినయా, ఉన్నయా... గదొక్కటే ముచ్చట.'

పాతబస్తీ ముసలివాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. 1980లలో మతఘర్షణలు, కర్ఫ్యూలు తరచూ వచ్చిపోయేవి. 1990 డిసెంబరు అన్నిటికంటే ఘోరం. బయటి ఊళ్లలో పాతబస్తీ అనగానే కర్ఫ్యూ గుర్తుకొచ్చేది ఆ రోజుల పత్రికలు చదివిన తరానికే. ఆ తరమే ఇప్పుడు పిల్లలకు సంబంధాలు చూస్తోంది. అసలు పెళ్లికూతురేమో కర్ఫ్యూ అంటే లాక్‌డౌన్ అనుకునే వయసుది. ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగే అబ్బాయికి కూడా అది నాయనమ్మ చెప్పే కథే. అయినా ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, పిల్లనిచ్చేటప్పుడు అడ్రసు చూసి ఆగిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. ముప్పై ఏళ్ల కిందటి వార్తకు ఇవాళ్టి పెళ్లికొడుకు జవాబు చెప్పుకోవాలి.

పెదనాన్న మంచినీళ్లు అడిగి తాగాడు.

వాతావరణం తేలికపరిచే బాధ్యత మేనమామ తీసుకున్నాడు. ఎరువుల వ్యాపారం మీద జిల్లాలన్నీ తిరిగినవాడాయన. ఏ ఊరి పేరు చెప్పినా దాని మీద ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. గుంటూరు వాళ్లకు నాలుక మీదా ముక్కు మీదా కారమేనన్నాడు. బెజవాడలో ఎండకు, రాజకీయానికి సీజనుండదన్నాడు. కరీంనగర్‌లో ప్రతి ఇంటికీ దుబాయ్‌లో ఓ గది ఉంటుందన్నాడు. కర్నూలు పేరు రాగానే తొడ కొట్టి చూపించాడు.

ఈ చివరిదాని పుణ్యం సినిమాలది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర'. వరసగా వచ్చి పడిన ఈ సినిమాలు చూసి సీమ అంటే సుమోలు, బాంబులేనని మిగతా రాష్ట్రం ఖాయం చేసుకుంది. వానలు పడక, బోర్లు ఎండి, వేరుశనగ పోయి వలసపోయే రైతు ఒక్క సినిమాలోనూ సుమోలోంచి దిగలేదు. 2003లో 'ఒక్కడు' వచ్చి ఇటు చార్మినార్‌ను, అటు కర్నూలు కొండారెడ్డి బురుజును ఒకే కథలో కలిపింది. ఆ చార్మినార్ సెట్టింగు అయితేనేం, పాతబస్తీ పిల్లవాడు కూడా హీరో కాగలడని అప్పుడు ఒప్పుకున్నారు. తెలంగాణ యాసకు ఆ మర్యాద దక్కడానికి ఇంకా ఆలస్యమైంది. 1985 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు ఆ యాసలో దుర్మార్గపు మంత్రిగా అదరగొట్టాక, విలన్లకూ కమెడియన్లకూ అదే భాష అయి కూర్చుంది. 2017లో 'ఫిదా' వచ్చి బాన్సువాడ పిల్ల చేత హీరోయిన్‌గా ఆ మాట పలికించింది. పలికింది మాత్రం నీలగిరుల నుంచి వచ్చిన సాయిపల్లవి!

మళ్లీ మేనమామ దగ్గరికొద్దాం. భోజనాలకు కూర్చున్నారు. ఆయన ఊపులో ఉన్నాడు.

'నల్లగొండ వాళ్లను కనిపెట్టడం మహా తేలికండి. నవ్వమంటే చాలు. పళ్లు చూసి ఏ మండలమో కూడా చెప్పేయొచ్చు' అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. వడ్డిస్తున్న అబ్బాయి తల్లి గరిట పట్టుకుని అలాగే నిలబడింది. పొద్దుటి నుంచి ఆమె నవ్వినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం అమ్మాయి తల్లి గమనించింది. సిగ్గనుకుంది. ఆమె పుట్టిల్లు మర్రిగూడ దగ్గరి పల్లె అని అబ్బాయి తండ్రి మెల్లగా చెప్పాడు.

మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు పల్లెల్లో భూమిలోని నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ. పాలపళ్లు ఊడకముందే, చిగుళ్ల లోపల కొత్తవి ఏర్పడే పసి ఈడులో ఆ బావినీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమరంగు మచ్చలు పడతాయి. ఎంత తోమినా పోవు. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోయి నడుములు వంగిపోతాయి. ఆ ఊళ్ల ఆడపిల్లలకు సంబంధం కుదరడమే కష్టమయ్యేది. పళ్ల పేరు చెప్పి వెనక్కి పోయిన పెళ్లివారెందరో! దూరంగా ఉన్నవాళ్లకు అది ఎకసెక్కం. తాగినవాళ్లకు అది మంచినీళ్లు.

అబ్బాయి అన్నం కలుపుతూనే అన్నాడు. 'నల్లగొండ పేరు మీద ఒక పద్ధతి ఉంది మామయ్యా. నల్లగొండ టెక్నిక్ అంటారు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించడం. నాగపూర్‌లోని నీరీ సంస్థ వాళ్లు డెబ్భైలలో కనిపెట్టారు. ఇథియోపియా, టాంజానియాలో కూడా వాడారు. అక్కడివాళ్లకు నల్లగొండ అంటే పళ్లు కాదు, మందు.'

'గదేందో నాకు తెల్వది గానీ...' అంది తల్లి, మేనమామ ఆకులో పప్పు వేస్తూ. 'మా ఊరి నీళ్లకు పళ్లు రంగు మారుతయి అన్నా. మాట మారదు. మీ పిల్లను మంచిగ చూసుకుంటం.'

మేనమామకు ముద్ద దిగలేదు. కాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత 'చెల్లెమ్మా, ఇంకాస్త పప్పు వెయ్యి' అని అడిగి మరీ వేయించుకున్నాడు. ఆ తర్వాత చారు, మళ్లీ పప్పు, పెరుగు... వద్దన్న మాట ఆ పూట ఆయన నోట రాలేదు. గోదావరి జిల్లాల్లో అంతకు మించిన క్షమాపణ ఉండదు. తిరుగు రైల్లో ఆయన ఎవరి మీదా జోకు వేయలేదనీ, కొంతవరకు అది పశ్చాత్తాపమూ, కొంతవరకు పప్పూ అనీ అమ్మాయి తల్లి తర్వాత చెప్పింది.

మాఘమాసంలో పెళ్లయింది. ముహూర్తానికి గౌలిపురవాళ్లు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. తాడేపల్లిగూడెంలో ముందు రోజే దింపేసి కాపలా పెట్టారు కాబట్టి అది లెక్కలోకి రాదని కొందరంటారు.

అసలు తంటా ఆషాఢంలో వచ్చింది. గోదావరి ఆచారం ప్రకారం కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదు. గౌలిపురకేమో ఆషాఢమే అసలు పండగ. గోల్కొండలో మొదలైన బోనాలు లష్కర్ దాటి, చివరికి లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి దగ్గరికి వస్తాయి. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తినప్పుడు, ప్రధాని మహారాజా కిషన్ ప్రసాద్ సలహా మీద ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఈ అమ్మవారికి పూజ చేయించాడని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. మర్నాడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద ఊరేగుతూ చార్మినార్ ముందు నుంచి నయాపూల్‌కు వెళుతుంది. లష్కర్ బోనాలు గొప్పవా, లాల్‌దర్వాజా బోనాలు గొప్పవా అనే తగాదా ఎలాగూ ఏటా ఉండేదే. గౌలిపురలో అడిగి జవాబు తెలుసుకోవాలనుకోవడం అమాయకత్వం. అలాంటి రోజున కొత్త కోడలు ఇంట్లో లేకపోతే ఎలా?

పెదనాన్న పంచాంగం ముందేసుకుని కూర్చున్నాడు. ఒక పూటంతా చూసి తేల్చాడు. 'శాస్త్రం అత్తగారి గడప తొక్కొద్దంది గానీ అమ్మవారి గడప తొక్కొద్దనలేదు. పిల్ల గుడికొస్తుంది. భోజనం పక్కింట్లో పెట్టించండి.' గోదావరివాళ్ల తెలివి గురించి విన్నదంతా నిజమేనని గౌలిపురలో ఒప్పేసుకున్నారు. పక్కింటావిడ అప్పుడే చాపలు దులపడం మొదలుపెట్టింది.

బోనాల ఆదివారం. పొద్దున తొమ్మిది. గల్లీలో వేపమండలు కట్టేశారు. డప్పులు మొదలయ్యాయి. రోడ్లు మూసేస్తారు, తొందరగా రండని అబ్బాయి తండ్రి వియ్యంకుడికి ఫోను చేశాడు. వాళ్లు రాత్రే కారులో బయల్దేరారు. ఒళ్లో పులస పులుసు డబ్బా పెట్టుకుని కూర్చున్నట్టున్నాడు, ఆయన గొంతు ఆచితూచి వస్తోంది.

'వచ్చేశాం బావగారూ, దగ్గర్లనే ఉన్నం. ఐదు నిమిషాల్ల లాల్‌దర్వాజా!'

వెనక నుంచి పెదనాన్న గొంతు వినిపించింది. 'సూర్యాపేటలో ఇడ్లీ బాగుంటుందన్నారు, ఇక్కడే ఆపెయ్యి బాబూ...'

అబ్బాయి తండ్రి ఒక్క క్షణం ఆగాడు.

'ఆయ్' అన్నాడు.